మసి కడిగిన వడ్లు

మా పుట్టింట్లో శుభ్రం ఒక జబ్బు. సముద్రానికి దగ్గర ఊరు మాది. ఉప్పుగాలికి ఏ వస్తువైనా రెండు రోజుల్లో జిగటపట్టిపోతుంది కాబట్టి తుడవడం, కడగడం, ఎండబెట్టడంతోనే మా అమ్మకు పొద్దు గడిచిపోయేది. ఆ జబ్బు నాకూ అంటింది. పెళ్లయి దుమ్ముగూడెం దగ్గరకు కాపురానికి వచ్చాక కూడా వదల్లేదు. ఇప్పుడు రాయబోయేదంతా ఆ జబ్బు వల్లే జరిగిందని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ అది నిజం కాదు. కడగడం వరకే ఆ జబ్బు. ఆ తర్వాత చేసినవన్నీ నేను తెలిసి చేసినవే.

మా అత్తగారివాళ్లదీ కోస్తానే. డెబ్బైల్లో మరికొన్ని కుటుంబాలతో కలిసి గోదావరి ఒడ్డుకు వచ్చి పొగాకు, మిరప వేయడం మొదలుపెట్టారు. ఊళ్లో మమ్మల్ని ఆంధ్రోళ్లు అనేవారు. ఎన్నేళ్లున్నా ఆ పేరు పోలేదు. మేము దున్నుతున్న భూమి కాగితాల్లో ఎవరి పేరున ఉందని పెళ్లయిన కొత్తలో అడిగితే మా ఆయన "నీకెందుకు?" అన్నారు. తర్వాత తెలిసింది, అది వాగు అవతల కోయ గూడెంలో ఒకరి పేరున ఉంది. అక్కడ పుట్టింటి ఊళ్లో మా తమ్ముడు కౌలుకు పరాయి భూమి దున్నుకుంటున్నాడని జాలిపడే నేను, ఇక్కడ మేము చేస్తున్నదేమిటని రెండోసారి అడగలేదు. మా ఇల్లు మాత్రం మిట్ట మీద ఉండేది. పక్కనే పొగాకు కాల్చే బ్యారన్. మిట్ట దిగితే వాగు, వాగు దాటితే గూడెం, గూడేన్ని ఆనుకుని గోదావరి.

నాకున్నది ఒక్కడే తమ్ముడు. నాన్న పోయాక కౌలు పొలం వాడి మీద పడింది. అంతకు ముందే ఒక ఉప్పెన మా ఊరి మీదుగా పోయింది. మనుషులు దక్కారు గానీ నేల ఉప్పు పట్టిపోయింది. రెండేళ్లు వానలకు ఆ ఉప్పు కొంత పోయిందనుకుంటే, ఆ పైన ప్రతి ఏడూ ఏదో ఒక వాయుగుండం. వాడి పొలం కాలవ శివార్లో ఉండేది. ఊరందరి మురుగూ వాడి గట్టు పక్క నుంచే సముద్రంలోకి పోవాలి. పోయేది కాదు. డ్రెయిను పూడిపోయి, పోటు వచ్చినప్పుడు సముద్రమే ఎదురు తన్నేది. వారం రోజులు నీళ్లు నిలిచేవి. పొట్టి రకం వరి ఆ నీళ్లలో మునిగి కుళ్లిపోయేది.

వేరే రకం వేసుకోవచ్చుగా, గట్టు ఎత్తు చేసుకోవచ్చుగా అని పట్నంలో ఉండే మా బంధువులు అనేవారు. వాళ్ల నోటికేం, అంటారు. గట్టు మీద మట్టి వేయాలన్నా కామందు ఒప్పుకోవాలి, భూమి ఆయనది. కౌలు తెల్ల సన్నబియ్యం ఇచ్చే వడ్ల రూపంలో కొలవాలి, మాట అలాగే ఉంది. వ్యవసాయ ఆఫీసులో అడిగితే వాళ్ల దగ్గరున్నది ఆ పొట్టి రకాలే. పంట పోతే వచ్చే సాయం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు. నీళ్లలో మోకాళ్లదాకా దిగి నిలబడ్డవాడికి మాత్రం ఏదీ వాడి చేతిలో ఉండేది కాదు. మా తమ్ముడు మాటకారి కాదు, ఇవన్నీ ఎవరికీ విడమరిచి చెప్పలేదు. ఏడాదికోసారి నా దగ్గరకు వచ్చి నాలుగు రోజులుండి, బాగా నిద్రపోయి వెళ్లేవాడు.

ఎనభైల మొదట్లో ఒక శ్రావణంలో వచ్చినప్పుడు వాడు అవ్వ మడి చూశాడు.

అవ్వ అంటే గూడెంలో ఉండే కోయ ముసలామె. మా మిరప కోతలకు వచ్చేది. ఎండాకాలం అడ్డాకులు, ఇప్పపూలు తెచ్చి ఇచ్చి ఉప్పూ పచ్చడీ పట్టుకెళ్లేది. మనిషి నల్లగా, సన్నగా, వెదురుబద్దలా ఉండేది. నన్ను బిడ్డా అని పిలిచేది. వాగు గోదావరిలో కలిసే చోట పల్లంలో ఆమెకో మడి ఉంది. ప్రతి శ్రావణంలో గోదావరి వాగులోకి ఎదురు తన్ని ఆ మడి మీదికి వస్తుంది. మా తమ్ముడు రావడానికి ముందు వారమంతా అది నీళ్ల కిందే ఉంది. వాడిని వెంటబెట్టుకుని ఏటి ఒడ్డు చూపిద్దామని వెళ్లేసరికి నీళ్లు తీస్తున్నాయి. మడి నిండా బురద. ఆ బురదలోంచి వరి నిలువుగా నిలబడి ఉంది. ఆకుల మీద ఎర్రమట్టి ఎండిపోయి ఉంది గానీ ఒక్క దుబ్బు పడిపోలేదు.

తమ్ముడు చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. ఒక దుబ్బును మొదటి దాకా తడిమి చూశాడు. గట్టెక్కి కాళ్లకంటిన బురద గడ్డికి రాసుకున్నాడు. తర్వాత, "అక్కా, ఈ విత్తనం నాకు కావాలి. ఎలాగైనా ఇప్పించు," అన్నాడు. వాడు నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

అవి ఎర్రబియ్యం వడ్లు, ముతకవి. వాటికి వాళ్ల భాషలో ఒక పేరుండేది. నేను ఎప్పుడు పలికినా అవ్వ నవ్వేది, కాబట్టి నేను సరిగా పలకలేదనే అర్థం. గూడెంలో అప్పటికి వాటిని వేస్తున్నది అవ్వ ఒక్కతే. మిగతావాళ్లు ఆఫీసువాళ్లు ఇచ్చిన రకాలకు మారారు, లేకపోతే మాలాంటివాళ్ల చేలల్లో కూలికి మారారు.

తమ్ముడు ఊరెళ్లి కామందును బతిమాలాడు. ఆయన అప్పటికే ఆ శివారు భూమిని చేపల చెరువు తవ్వుకునేవాళ్లకు ఇద్దామనే ఆలోచనలో ఉన్నాడు. చివరికి ఒక మాట మీద ఒప్పుకున్నాడు. వచ్చే ఏడు ఆ పొలంలో ఒక అర ఎకరం చెక్కలో ఈ ఎర్రవడ్లు వేసి చూపించాలి. నీళ్లలో నిలిస్తే భూమంతా వాడి దగ్గరే ఉంటుంది, కౌలు ఎర్రవైనా సరే. నిలవకపోతే చెరువే. తమ్ముడు ఇదంతా నాకు ఉత్తరం రాశాడు. వాడి బతుకు ఆ అర ఎకరం మీద ఉందని నాకు తెలుసు. తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు.

నేను అవ్వను అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉందని అప్పుడే విన్నాను. విత్తనాన్ని ఒకే ఇంట్లో ఉంచరు. కోతలయ్యాక రెండు పాళ్లు చేసి, ఒక పాలు తమ పొయ్యి మీది అటకెక్కిస్తారు, రెండో పాలు వేరే ఊళ్లో ఉన్న అయినవాళ్ల పొయ్యి మీద పెట్టిస్తారు. ఒక ఇల్లు కాలినా మునిగినా రెండో ఇంట్లో ఉంటుంది. అవ్వ రెండో పాలు చర్ల వైపు గుట్టల్లో కూతురింట్లో ఉండేది. ప్రతి ఏడూ నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లి ఇచ్చి వచ్చేది.

మరుసటి ఏడు రోహిణి కార్తెలో అవ్వ మూట నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాలుగు కుంచాల వడ్లు. గడ్డితో చుట్టి, పైన అడ్డాకులు కప్పి, నారతో బిగించి కట్టిన మూట. కూతురింటికి పోవలసిన పాలు అది. "ఈ ఏడు నీ తమ్ముని ఇల్లే నాకు రెండో ఇల్లు," అంది. ఐదారు నెలలు పొయ్యి మీద పొగ తాగిన మూట కాబట్టి నల్లగా నిగనిగలాడుతోంది. మా వసారాలో దించితే గచ్చు మీద గుండ్రంగా మచ్చ పడింది. అవ్వ వెళ్లగానే నేను చేసిన మొదటి పని ఆ మచ్చ తుడవడం.

తమ్ముడు నాలుగు రోజుల్లో వస్తానన్నాడు. మూట వైపు చూసిన ప్రతిసారీ నాకు ఒకటే బెంగ. దీన్ని వాడు బస్సుల్లో మోసుకుంటూ వెళ్లి మా ఊరి నడివీధిలో దించుతాడు. మా పెద్దమ్మలు, పిన్నులు చూస్తారు. అడవిలో కాపురం చేసి ఇదీ అడవిమనిషైపోయిందని ముక్కు మీద వేలేసుకుంటారు. పుట్టింటికి మసిమూట పంపడమా? తల కొట్టేసినట్టుంటుందనుకున్నాను. ఇంత జరిగాక కాగితం మీద చూసుకుంటుంటే ఎంత చిన్న కారణం!

మూట విప్పాను. లోపల వడ్లకూ పొగ వాసనే, వేళ్లకు మసే. పెద్ద గంగాళంలో పోసి కడిగాను. మసి పోయేదాకా మూడు నీళ్లు మార్చాను. పొల్లు తేలితే తీసిపారేసి, అది కూడా మంచి పనే అనుకుని మురిసిపోయాను. మా ఊళ్లో విత్తనాన్ని నీళ్లలో వేసి పొల్లు తీయడం నాకు తెలుసు. అయితే అది చల్లే ముందు చేసే పని. తీసిన వడ్లు ఆ రోజే నానబోస్తారు, మర్నాడు మొలకెత్తడానికి మూటగట్టి మండె కడతారు. కడిగి దాచిపెట్టడం మా ఊళ్లోనూ ఎవరూ చేయరు. అది నేను ఒక్కదాన్నే చేశాను.

ఒక పూట బాగా ఎండాయి. మధ్యాహ్నం మబ్బుపట్టి గాలి దుమారం లేచింది. వడ్ల కింద పరిచిన పరదా ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వడ్లు ఎత్తాను. పళ్ల కింద కొరికితే టక్కుమనాలి. అనలేదు, మెత్తగా నలిగింది. అయినా రేపు మళ్లీ ఎండబోయవచ్చని, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కొత్త యూరియా సంచిలో పోసి మూతి బిగించాను. తెల్లటి సంచి, చూడముచ్చటగా ఉంది. మర్నాడు ముసురు. ఆ మర్నాడూ ముసురే. తమ్ముడు వస్తానన్న రోజు వెళ్లిపోయింది. వాళ్ల వైపు గాలివాన పట్టి బస్సులు తిరగడం లేదని ఉత్తరం వచ్చింది.

పదో రోజో, పన్నెండో రోజో, సంచిని గోడవారకు జరుపుతుంటే అరచేతికి వెచ్చగా తగిలింది. జ్వరం వచ్చిన పిల్లాడి వీపు తాకినట్టు. నేను రైతు కూతుర్ని, రైతు భార్యని. ధాన్యం వేడెక్కిందంటే లోపల ఏం జరుగుతోందో నాకు చెప్పనక్కర్లేదు. ఆ క్షణంలో మూతి విప్పి నేల మీద పరిస్తే సగమైనా దక్కేవేమో. విప్పలేదు. విప్పితే చూడాలి, చూస్తే అవ్వకు చెప్పాలి, తమ్ముడికి చెప్పాలి, ఎందుకు కడిగావంటే చెప్పాలి. పొయ్యికి దగ్గరగా ఉంది కాబట్టి వెచ్చబడిందని నాకు నేనే చెప్పుకున్నాను. సంచిని పొయ్యికి దూరంగా జరిపి చేతులు దులుపుకున్నాను.

ఇరవై రోజులు దాటాక తమ్ముడు వచ్చాడు. అన్నం తిని సంచి భుజాన వేసుకుని అదే రోజు బయల్దేరాడు. ఆకుమడికి అప్పటికే ఆలస్యమైంది. బస్సు దాకా వెళ్లి నిలబడ్డాను. ఒకసారి విప్పి చూసుకోరా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. వాడి ముఖంలో ఎప్పుడూ లేని హుషారు చూసి నోరు మూసుకున్నాను. ఆ హుషారు కోసం మూసుకున్నానని చాలా ఏళ్లు అనుకున్నాను. నా పరువు కోసమే మూసుకున్నాను.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. సంచి విప్పితే పుల్లటి వాసన కొట్టిందట, వడ్లు గడ్డలు కట్టి బూజుపట్టాయట. అయినా బాగున్నట్టు కనిపించినవి ఏరి నానబోశాడు. మడిలో అక్కడక్కడ పది మొలకలు వచ్చాయి, వాటిని కొంగలు తొక్కాయి. అప్పటికప్పుడు పొట్టి రకం నారు ఎవరినో అడిగి తెచ్చి ఆ చెక్కలో నాటాడు. కార్తీకంలో వాయుగుండం వచ్చింది. సంక్రాంతి లోపే కామందు చెరువు తవ్వేవాళ్లకు మాట ఇచ్చేశాడు.

ఆ ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. అడవి జనానికి మనమంటే లెక్కలేదక్కా, పాత విత్తనం అంటగట్టారు, నువ్వు మళ్లీ వాళ్లను అడగొద్దు అని. నేను జవాబు రాశాను. పండగకు రమ్మన్నాను, ఒంట్లో ఎలా ఉందని అడిగాను. ఆ వాక్యం మాత్రం అలాగే వదిలేశాను. నా తప్పు వెళ్లి ఆ ముసలామె నెత్తిన కూర్చుంది. నేను దించలేదు.

మా తమ్ముడు ఇప్పటికీ ఆ చెరువు గట్టు మీదే కాపలా ఉంటాడు. తను దున్నిన భూమి మీది నీళ్లలో పరాయివాళ్ల చేపలకు మేత చల్లుతాడు. నేను ఎన్నోసార్లు వెళ్లాను, ఆ గట్టు మీద వాడి పక్కన కూర్చుని అన్నం తిన్నాను. చెప్పలేదు. వాడికి చదవడం వచ్చు. ఇది వాడి చేతికి వెళుతుంది. ఒరేయ్, ఆమె ఇచ్చింది మంచి విత్తనమేరా.

ఇక అవ్వ సంగతి. ఆ ఏడు మిరప కోతలకు వచ్చినప్పుడు మొదటి రోజే అడిగింది. "అక్కడ మొలిసినయా బిడ్డా మన వడ్లు?"

బ్రహ్మాండంగా పండాయి అవ్వా అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! అడగని వివరాలు కూడా చెప్పాను. ఛాతీ ఎత్తు పెరిగాయని, తుఫాను వచ్చినా నిలబడ్డాయని, తమ్ముడు దండం పెట్టమన్నాడని. అవ్వ కోత ఆపి, పక్క సాళ్లలో ఉన్న ఆడవాళ్లను పిలిచి వాళ్ల భాషలో చెప్పింది. అందరూ నా వైపు చూసి నవ్వారు. ఆ తర్వాత ఏడూ అడిగింది, ఆ పై ఏడూ అడిగింది. నేను ప్రతిసారీ పండించాను. ఒక ఏడు కొంచెం తగ్గిందని కూడా చెప్పాను, నమ్మకంగా ఉంటుందని. లేని పంటకు మంచీ చెడూ కల్పించి చెబుతుంటే నాకే అది నిజమేమో అనిపించేది.

అప్పుడే ఎనభైల మధ్యలో గోదావరి పొంగింది. అంత గోదావరిని అంతకు ముందు నేను చూడలేదు. వాగు, గూడెం, మా మిరప చేలు అన్నీ ఒకటే నీళ్లు. గూడెం జనం పిల్లల్ని, కోళ్లను ఎత్తుకుని మా మిట్ట మీదికి వచ్చారు. బ్యారన్ తలుపులు తీసి లోపల ఉండమన్నాం. పొగాకు కర్రల మీద తడిబట్టలు ఆరేసుకుని నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. నేను పెద్ద గుండిగలో గంజి కాచి పోశాను. అందరూ నన్ను మంచిదాన్ని అన్నారు.

రెండో రోజు నీళ్లు గూడెం ఇళ్ల చూర్లు దాటాయి. అటకల మీద ఉన్న విత్తనాలన్నీ పోయినట్టే. ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు. ఇల్లు పోయినందుకు అంత ఏడవలేదు, వెదురు ఉంది, కట్టుకుంటారు. అవ్వ మాత్రం బ్యారన్ గోడకు ఆనుకుని ప్రశాంతంగా కూర్చుని ఉంది. నేను గంజి పోస్తుంటే అందరికీ వినబడేలా, నాకూ అర్థం కావాలని తెలుగులోనే అంది. "ఫికరు చెయ్యకుండ్రి. నా వడ్లు సముద్రం కాడ ఉన్నయ్. బిడ్డ తమ్ముడు పండిస్తుండు. తెప్పిస్తది, అందరం పంచుకుందాం."

ఏడ్చేవాళ్లు ఏడుపు ఆపి నా వైపు చూశారు. నేను ఆమెకు ఇంకో గరిటె గంజి పోశాను. అవునవ్వా అన్నాను.

నీళ్లు తీశాక చూస్తే అవ్వ మడి మీద నడుముల్లోతు ఇసుక మేట వేసి ఉంది. ఎంత నీటికైనా ఓర్చే వరి ఇసుక కింద ఏం చేస్తుంది? గూడెం వాళ్లంతా కలిసి చలికాలమంతా తట్టలతో ఇసుక ఎత్తిపోశారు. ఎవరి మడీ అంత శ్రద్ధగా బాగుచేయలేదు, ఎందుకంటే విత్తనం రాబోతున్నది దాని కోసమే. సంక్రాంతి వెళ్లాక అవ్వ అడిగింది. అక్కడ కోతలయినయా అని. ఇంకా కాలేదన్నాను. శివరాత్రికి అడిగింది. ఉత్తరం రాశానన్నాను. ఉగాదికి వచ్చి, "బస్త అక్కరలేదు బిడ్డా. దోసెడు చాలు. దోసెడుంటే రెండేండ్లల్ల మడి నిండుతది," అంది.

నేను చర్ల సంతకు వెళ్లాను. మా ఆయనతో కుంకుడుకాయలకని చెప్పాను. సంతలో ఒక మూల గుట్టల మీద నుంచి దిగిన ఆడవాళ్లు ఆకు దొప్పల్లో ధాన్యాలు పెట్టుకుని కూర్చున్నారు. ఎర్రబియ్యం వడ్లు కనిపించాయి. గింజ అదే పొడుగు, అదే రంగు అనిపించింది. రెండు కుంచాలు కొన్నాను. ఈసారి కడగలేదు. తెల్లని గుడ్డలో కట్టి, కోస్తా నుంచి వచ్చాయన్నట్టు పేపరు చుట్టి, అవ్వ ఇంటికి నేనే తీసుకెళ్లాను.

అవ్వ కొత్తగా కట్టిన గుడిసె ముందు కూర్చుని చాట అల్లుతోంది. మూట చూడగానే లేచి చేతులు కడుక్కుంది. చాటలో పోయించుకుని, ఒక గింజ తీసి గోటితో పొట్టు ఒలిచింది. బియ్యపు గింజను అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుని నమిలింది. ఇంకో గింజ తీసింది. అదీ నమిలింది. అలా నాలుగు గింజలు నమిలింది.

"ఇవి మావి కావు బిడ్డా," అంది నెమ్మదిగా. "మెట్ట వడ్లు ఇవి. నీళ్లు నిలిస్తే కుళ్లుతయ్. నీ తమ్ముడు వేరేవి పంపినట్టుండు. పొరపాటు పడ్డడేమో అడుగు."

అప్పటికీ ఆమెకు నా మీద అనుమానం రాలేదు. అవునని అనేస్తే ఇంకో ఏడాది గడిచేది. కానీ తప్పు మా తమ్ముడిదన్నాక నాకు ఇక అబద్ధం రాలేదు. అక్కడే మట్టిలో కూలబడి చెప్పేశాను. నువ్విచ్చిన వడ్లు అక్కడ మొలవలేదవ్వా, నేనే కడిగాను, తడి ఆరకుండా సంచిలో పోశాను, కుళ్లిపోయాయి అని.

"కడిగినవా?" అంది అవ్వ. కోపం లేదు. అర్థం కానట్టు అడిగింది. "ఎందుకు?"

"మసి ఉందని."

ఆమె నా చేతుల వైపు చూసింది. ఎన్నడని అడిగింది. నువ్వు ఇచ్చిన ఏడాదే అన్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి.

"గప్పుడే చెప్తే నా బిడ్డింట్ల పెట్టుకుందును గదా," అంది. "నువ్వు పండినయ్ అంటివి. రెండో ఇల్లు ఉన్నదనుకున్న. దూరమున్న ఇల్లు ఇంక మంచిదనుకున్న. అందుకే గుట్టకు మోసుడు ఆపిన."

అప్పటిదాకా నేను ఒక మూట వడ్లు పాడుచేసినదాన్నే అనుకుంటున్నాను. విత్తనాన్ని చంపింది నేను కడిగిన నీళ్లు కాదు, గోదావరి కూడా కాదు. ప్రతి ఏడూ మిరప సాళ్లలో నిలబడి నవ్వుతూ నేను చెప్పిన మాట. బాగా పండాయవ్వా అన్న ప్రతిసారీ గుట్ట మీదికి పోవలసిన మూట ఒకటి ఆగిపోయింది.

అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చాటలోని మెట్ట వడ్లను ఒక్క గింజ పోకుండా గుడ్డలో కట్టుకుంది. ఇవీ విత్తనాలే, ఎక్కడో ఒక చోట వేస్తానంది. గూడెంవాళ్లకు ఏం చెప్పిందో నాకు తెలియదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, కోతలకు మామూలుగానే వచ్చారు. ఇసుక ఎత్తిపోసిన ఆ మడిలో ఆ ఏడు ఆఫీసువాళ్లిచ్చిన పొట్టి రకం నాటారు. శ్రావణంలో గోదావరి ఎప్పటిలాగే వాగులోకి వచ్చి వారం రోజులుంది. మా వసారాలోంచి ఆ మడి కనిపిస్తుంది. నీళ్లు తీశాక పచ్చటి ముద్దలా పడి ఉన్న ఆ వరిని చూసి, అచ్చం మా తమ్ముడి పొలంలాగే ఉందనుకున్నాను. ఆ పైన చాలా రోజులు వసారాలో కూర్చోలేదు.

మాఘమాసంలో ఒక పొద్దున అవ్వ మా ఇంటికి వచ్చింది. నెత్తిన మూట. గడ్డి, అడ్డాకులు, నార, అంతా నల్లగా, నిగనిగలాడుతూ. కోతలై రెండు నెలలే అయినా బాగా పొగ పట్టించినట్టుంది. నేను చర్ల సంతలో కొన్న మెట్ట వడ్లను గుట్టవాలున చల్లిందట. పండాయట.

వసారాలో దించి నడుం పట్టుకుని నిలబడింది. ఒక పాలు తన పొయ్యి మీద ఉంది, ఇంకో పాలు కూతురింటికి మోసి వచ్చింది. ఇక నుంచి మూడిళ్లలో పెడుతుందట. మీ ఇల్లు మిట్ట మీదుంది, నీళ్లు ఇక్కడికి ఎక్కలేదు గదా అంది. ఈ ఇల్లు ఏ ఇల్లో, ఇందులో ఉన్నది ఎవరో ఆమెకు తెలుసు. తెలిసే తెచ్చింది.

వెళ్లబోతూ మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"కడగకు బిడ్డా," అంది.

అలాగే అవ్వా అన్నాను.